నుదుటి మీద తడి

ఆ ఆదివారం పొద్దున్న మా ఇంట్లో గొడవ ఉప్పు డబ్బా గురించి మొదలైంది.

"తడి చెంచా పెట్టారా లేదా, అదొక్కటి చెప్పండి చాలు," అన్నాను.

"నేను పెట్టలేదు," అన్నారు మా ఆయన శేషగిరి, ఉప్మా పళ్లెంలోంచి తల ఎత్తకుండా. "వానాకాలం. ఉప్పు దానంతటదే చెమ్మగిల్లుతుంది."

"చెమ్మగిల్లితే డబ్బా అంతా చెమ్మగిల్లాలి. ఒక్క పక్కనే గడ్డ ఎందుకు కట్టింది?"

"దానికి ఆ పక్క ఇష్టమేమో."

గడ్డని వేళ్లతో పైకి తీసి ఆయన కళ్ల ముందు పెట్టాను. చెంచా గుంట అచ్చు గుద్దినట్టు ఉంది దాని మీద. మా అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని చూసి, "దొరికిపోయావురా," అన్నారు. ఆయన నవ్వలేదు. "పదమూడేళ్లుగా మనుషుల ప్రాణాలు కాపాడుతున్నాను. ఇంట్లో మాత్రం ఉప్పు దొంగని," అని చెయ్యి కడుక్కుని, మేడ మీద నీళ్ల ట్యాంకు కడగడానికి వెళ్లిపోయారు. డ్యూటీ మధ్యాహ్నం రెండు గంటలకి.

ఆయన తణుకు దగ్గర హైవే మీద తిరిగే అంబులెన్సులో టెక్నీషియన్. పడిపోయిన మనిషి దగ్గరికి మొదట చేరేది ఆయనే. బండి నడిపేది అబ్బులు.

నాలుగేళ్ల కిందట దువ్వ అడ్డరోడ్డు దగ్గర ఒక ప్రమాదంలో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఒకతనికి గుండె ఆగిపోయి ఉంది. ఈయన నలభై నిమిషాలు అతని ఛాతీ నొక్కుతూనే ఉన్నారు. రెండో అతను మైలురాయికి ఆనుకుని కూర్చుని, "నాకేం పర్లేదండి, ముందు ఆయన్ని చూడండి," అంటూనే ఉన్నాడట. వేరే బండి రావడం ఆలస్యమైంది. కడుపులోపల నెత్తురు కారి అతనూ పోయాడు. ఆ తర్వాత నెలన్నర పాటు మా ఆయన అన్నం ముందు కూర్చుని, కలిపి, వదిలేసి లేచేవారు. "ఎక్కడ ఆపాలో తెలిస్తే రెండో వాడు బతికేవాడు," అదొక్కటే మాట.

ఆ పళ్లేన్ని చూసినవాళ్లలో మా ఆడపడుచు ఇందుమతి ఒకతె. భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. మూడేళ్లలో ఒక వస్తువు చేసుకొచ్చింది. రెండు కనుబొమ్మల పైన రెండు బిళ్లలు అంటించాలి. వాటి మధ్య చిక్కుడు గింజంత పెట్టె, దాని మీద చిన్న దీపం. చూడగానే మా అత్తయ్యగారు "ఇదేంటే, నుదుటి మీద చుక్కలా ఉంది," అన్నారు. అందరికీ అదే పేరైపోయింది.

గుండె ఆగిన తర్వాత కూడా మెదడు అడుగున కాసేపు ఒక సన్నటి అల కదులుతుందని ఇందు కనిపెట్టింది. అది ఉన్నంతసేపూ ఛాతీ నొక్కితే మనిషి తిరిగొచ్చే ఆశ ఉంటుంది. అది పోయాక ఎంత నొక్కినా ఎముకలు విరగడమే. అల ఉంటే చుక్క మీద పచ్చ దీపం. పోతే ఎరుపు. ఎరుపు వస్తే ఆపు, పక్కవాడి దగ్గరికి వెళ్లు.

పద్నాలుగు నెలలుగా ఆరు అంబులెన్సుల్లో పరీక్షించారు. ముప్పై ఒక్కసారి ఎర్ర దీపం వచ్చింది. ఆ సమయంలో పక్కన ప్రాణంతో ఉన్నవాళ్లని అందుకుని, పదకొండు మందిని ఆస్పత్రికి చేర్చారు. అన్నిటికీ మించి, మా ఆయన ఇంటికొచ్చి రెండోసారి కూర అడిగి వడ్డించుకోవడం మొదలుపెట్టారు. సోమవారం మూడు గంటలకి విజయవాడలో కమిటీ కూర్చుంటుంది. రాష్ట్రంలో ప్రతి అంబులెన్సులోనూ చుక్క పెట్టాలా అన్నది అప్పుడు తేలుస్తారు.

ఆ ముప్పై ఒక్క కేసుల కాగితాలకి శుభ్రమైన ప్రతి రాయడం నా పని. నేను బీయస్సీ చదివాను, అక్షరాలు కుదురుగా ఉంటాయి, అంతకంటే పెద్ద కారణం లేదు. ఉప్పు గొడవ అయ్యాక బల్ల తుడిచి కాగితాలు పరుచుకున్నాను.

ప్రతి కాగితం వెనకా చుక్క గీసిన గీత ఉంటుంది. గీతలన్నీ దాదాపు ఒకలాగే ఉన్నాయి. పొయ్యి మీంచి దించిన పాలపొంగులా మెల్లగా అణిగి, అణిగి, చదునైపోతాయి. ఇరవయ్యో కాగితం దగ్గర నా చెయ్యి ఆగింది. అందులో గీత అణగలేదు. బాగా ఎత్తున ఉన్నదల్లా ఒక్కసారి తెగిపడింది, స్విచ్చి ఆపినట్టు. పెన్సిలుతో పక్కన చిన్న గుర్తు పెట్టి మొదటినుంచీ మళ్లీ చూశాను. అలా తెగిపడ్డవి తొమ్మిది.

ఆ తొమ్మిదిలో నాలుగు మా ఆయనవి. "ఇతర వివరాలు" అన్న గడి ఆయన ఎప్పుడూ ఖాళీగా వదలరు. ఖాళీగా వదిలితే ఊరుకోనని ఆయనకి తెలుసు. నాలుగింటిలోనూ ఉన్నది ఒకే సంగతి. "మొహం మీద నీళ్లు పోశారు." "జుట్టు తడిసి ఉంది." "మొహాన సోడా కొట్టారు." నాలుగోది సత్యవేణి అనే దర్జీ ఆవిడది. స్కూటరు మీంచి పడింది. "భర్త సీసాతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు." మిగతా అయిదు వేరే టెక్నీషియన్లవి. వాళ్ల గడులు ఖాళీ.

మన దగ్గర మనిషి కింద పడితే ఎవరైనా ముందు చేసేది అదే. మొహాన నీళ్లు కొడతాం. అందరం చేసేదే కాబట్టి అదొక సంగతని మిగతావాళ్లెవరూ రాయలేదు.

కిటికీ దగ్గర పళ్లెంలో ఉప్పు గడ్డ ఇంకా అలాగే ఉంది. దాని వైపు చూస్తుంటే మా కాలేజీ గుర్తొచ్చింది. డిగ్రీ రెండో ఏడు ల్యాబులో రెండు తీగలు మంచినీళ్లలో ముంచితే బల్బు వెలగలేదు. మా మేడమ్ చిటికెడు ఉప్పు వేశారు. వెలిగింది.  ఇందుకి వీడియో కాల్ చేశాను.

"చెప్పు వదినా. చీర ఏది కట్టుకోవాలా అని చూస్తున్నా రేపటికి."

"చుక్క సరిగ్గా దేన్ని కొలుస్తుంది, మళ్లీ ఒకసారి చెప్పు."

"రెండు బిళ్లలకీ మధ్య తేడాని. అల ఉంటే ఒకదాని దగ్గర ఎక్కువ, ఒకదాని దగ్గర తక్కువ. తేడా సున్నా అయితే అల లేనట్టు."

"రెండు బిళ్లల మధ్యా నీళ్లు కారితే?"

"ఓస్, అదా. అంటించేముందు తుడవమని రాశాం కదా. పైగా నీళ్ల పరీక్ష కూడా చేశాం. రెండు గంటలు నానబెట్టాం. ఏం కాలేదు."

"ఏ నీళ్లు?"

"ల్యాబులో నీళ్లే. డిస్టిల్డ్."

"ఎండలో రోడ్డు మీద పడినవాడి నుదురు నాలుక్కి తగిలితే ఎలా ఉంటుంది ఇందూ?"

ఫోన్లో ఇందు మొహం కదలకుండా ఉండిపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. పోలేదు.

"ఉప్పగా," అంది. "ఉప్పునీళ్లు రెండు బిళ్లల్నీ కలిపేస్తాయి. తేడా సున్నా."

"ఫోన్ పెట్టెయ్యకు," అని మేడ మెట్ల దగ్గరికి పరుగెత్తాను.

ట్యాంకు కడిగి దిగొస్తున్న మా ఆయన చెమటతో నిగనిగలాడుతున్నారు. తుడుచుకోబోతే తువ్వాలు లాక్కున్నాను. "మళ్లీ ఏం చేశాను?" అంటున్నా వినకుండా వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి, ఆయన సంచీలోంచి కొత్త చుక్క తీసి, కనుబొమ్మల పైన మాత్రం ఒత్తి తుడిచి అంటించాను. బతికున్నవాళ్లలోనూ ఆ అల ఉంటుంది. పచ్చ దీపం వెలిగింది. ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టాను.

"అత్తయ్యగారూ, నెత్తి మీద చెంబుడు నీళ్లు పొయ్యండి."

"ఆదివారం తలంటా?" అంటూనే ఆవిడ పోశారు.

నీళ్లు జుట్టులోంచి, చెమట పట్టిన నుదుటి మీదుగా జారాయి. నేను లెక్కపెడుతున్నాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు అనేలోపు దీపం ఎర్రబడింది.

"ఏమైంది?" అన్నారు ఆయన, నోట్లోకి వచ్చిన నీళ్లు ఊస్తూ.

"మీరు పోయారు," అన్నాను.

"అవేం మాటలే," అని అత్తయ్యగారు నా వీపు మీద ఒక్కటిచ్చారు.

తువ్వాలుతో రెండు బిళ్లల మధ్యా ఒత్తి తుడిచాను. పచ్చ. మళ్లీ నీళ్లు. ఎరుపు. తుడిస్తే పచ్చ. ఫోన్లోంచి ఇందు, "సబ్బుతో మొహం కడిగించి, ఆరాక మంచినీళ్లు పొయ్యి వదినా," అంది. వేటలో ఉన్నవాళ్ల గొంతు అది. పోశాం. పచ్చ పచ్చగానే ఉంది. చిటికెడు ఉప్పు కలిపి పోశాం. ఎరుపు. నేనూ అంటించుకున్నాను. అత్తయ్యగారు కూడా, "నాకూ పెట్టవే, చూద్దాం," అన్నారు. ఆవిడా మూడు అంకెల్లో పోయి, తువ్వాలుతో తిరిగొచ్చారు. ముగ్గురం తడిసి ముద్దయ్యాం. వంటింట్లో చీలమండల దాకా నీళ్లు. నాకు పెళ్లయ్యాక ఆ వంటింట్లో అంత సంబరం ఎప్పుడూ లేదు.

అప్పుడు చూశాను ఆయన్ని. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తున్నారు.

"సత్యవేణి," అన్నారు. "పదకొండో నిమిషం. పచ్చగా వెలుగుతోంది. ఆయన నీళ్లు పోశాడు. ఎర్రబడింది. నేను చెయ్యి తీసేశాను."

 సత్యవేణి పోయిన పదో రోజున ఆమె భర్త రాఘవులు మా ఇంటికొచ్చి, దినం భోజనానికి పిలిచాడు. "మా ఆవిణ్ణి అనవసరంగా హింస పెట్టకుండా పంపించారండి," అని మా ఆయన చేతులు పట్టుకున్నాడు. ఈయన వెళ్లి భోజనం చేసి కూడా వచ్చారు.

"అన్నయ్యా," అంది ఇందు ఫోన్లో. "నేను సాయంత్రం బస్సుకి వస్తున్నా."

రెండు గంటలకి ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే సంచీలో రెండు పొడి తువ్వాళ్లు పెట్టాను.  గుమ్మం దాటాక వెనక్కి వచ్చి మూడోది అడిగి తీసుకున్నారు.

అయిదున్నరకి అంబులెన్సు మా వీధిలోకే వచ్చింది. గుమ్మంలోకి పరుగెత్తాను. అబ్బులు ఒక్కడే దిగాడు, చొక్కా నిండా మట్టి, మొహం నిండా నవ్వు.

"చెల్లెమ్మా, ముందు మంచినీళ్లు ఇయ్యమ్మా. గిరిగారు ఆస్పత్రిలో ఉన్నారు. ఆయనకేం కాలేదు, కంగారుపడకు. సంతకాలు పెడతన్నారు. ఈలోపు నేను డీజిలుకని వచ్చాను. చెప్పకపోతే కడుపు ఉబ్బిపోద్ది."

అరుగు మీద కూర్చుని చెప్పాడు. నేనూ అత్తయ్యగారూ నిలబడే విన్నాం.

"కొబ్బరికాయల ఆటో బోల్తా పడిందమ్మా, సర్వీసు రోడ్డు కాడ. డ్రైవరు కింద పడున్నాడు, ముప్పై ఏళ్లుంటాయి. గుండె ఆగిపోయింది. గిరిగారు చుక్క అంటించారు, పచ్చ. నొక్కుతున్నారు. నేను నోటి మీద సంచి పెట్టి గాలి కొడతన్నాను. చుట్టూ జనం. నీళ్లు నీళ్లు అంటన్నారు. నీళ్లెక్కడున్నాయి? ఒకాయన కత్తి తీసుకుని కొబ్బరిబొండాం చెక్కేశాడు, మొహాన పోసేశాడు."

"కొబ్బరినీళ్లా?" అన్నారు అత్తయ్యగారు.

"ఆయ్. బొండాం మొత్తం. పోశాడో లేదో ఎర్రదీపం. తొమ్మిదో నిమిషం. నేను గాలి సంచి తీసేశానమ్మా. ఏడాదిగా అలవాటు కదా, ఎరుపొస్తే ఆపెయ్యడం. గిరిగారు నా వంక చూసి, 'ఎవడు ఆపమన్నాడు నిన్ను' అన్నారు. ఆయన అలాగ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మోకాలితో నన్నొక్క తోపు తోసి, ఒక చేత్తో నొక్కుతా ఇంకో చేత్తో తువ్వాలు లాగారు. తుడిచారు. ఎరుపే. ఆ బంకనీళ్లు పోతాయా? రెండో తువ్వాలు. ఎరుపే. జనం 'పోయాడండి, వదిలెయ్యండి, ఇంకా ఎందుకు' అంటన్నారు. మూడో తువ్వాలు తీసి, బిళ్లల మధ్య గట్టిగా, ఇదిగో, గిన్నె అడుగు తోమినట్టు తోమేశారమ్మా. పచ్చ."

అబ్బులు నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. 

"ఇంకో పద్నాలుగు నిమిషాలు నొక్కాం, మార్చి మార్చి. ఊపిరితిత్తుల పక్క గాలి చేరిందని, ఫోన్లో మాకు సలహాలిచ్చే డాక్టరుగారు చెప్తే సూది గుచ్చి గాలి తీశారు. అప్పుడు తగిలిందమ్మా నాడి. నా వేలికే తగిలింది. ఆస్పత్రిలో పడుకోబెట్టేటప్పుడు కాలు కదిపాడు. వాళ్లమ్మ వచ్చింది." ఆగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వస్తానమ్మా, డీజిలు."

ఇందు ఆరింటికి వచ్చింది. ఆ సాయంత్రమంతా బల్ల మీద కాగితాలు, ఆమె కంప్యూటరు, నా పెన్సిలు గుర్తులు. మిగతా అయిదుగురు టెక్నీషియన్లకీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగింది. "నీళ్లు పోశారా?" అయిదుగురూ ఒకేలాగ జవాబిచ్చారు. "పోస్తారు కదా మేడమ్."

రాత్రి మా ఆయన డ్యూటీ దిగొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నారు. "తొమ్మిదిమందిలో ఎంతమంది బతికేవాళ్లు?"

"తెలీదన్నయ్యా. గీత తెగిపోయాక లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. దెబ్బలు చూస్తే, ఎవరూ బతికేవాళ్లు కాకపోవచ్చు."

"ఒకరు?"

"ఒకరు బతికేవాళ్లేమో."

"సత్యవేణి?"

ఇందు తల దించుకుంది. "అడక్కు."

సోమవారం పన్నెండింటికి ఇందు కోసం కారొస్తుంది. పదిన్నరకే వడ్డించాను. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, చారు. పప్పులో ఉప్పు తగ్గింది. నేను ఎప్పుడూ చెయ్యని తప్పు. 

ఇందు ఇస్త్రీ చీరలో ఉంది. అన్నం కలుపుతూ, "ఒక నిర్ణయానికొచ్చాను," అంది. "ఇవాళ అనుమతి అడగను. ఆరు బండ్లలోంచీ చుక్కలు వెనక్కి తీసుకుంటున్నాను. తడిని కనిపెట్టే మూడో బిళ్ల పెట్టాక, మళ్లీ మొదటినుంచి పరీక్ష. ఇంకో రెండేళ్లు పడుతుంది. మళ్లీ వచ్చినప్పుడు ఎర్ర దీపానికి 'ఆపు' అన్న అర్థం ఉండదు. 'తుడిచి చూడు' అని మాత్రమే. ఆపాలా వద్దా అన్నది నొక్కేవాళ్లూ ఫోన్లో డాక్టరూ కలిసి తేల్చాలి."

"కమిటీవాళ్లు వెయ్యి బండ్లు అన్నారు కదే," అన్నారు అత్తయ్యగారు. "నీ ఉద్యోగానికేం కాదుగా?"

"కావచ్చమ్మా."

నేను మా ఆయన పళ్లెం వైపే చూస్తున్నాను. ఏడాదిగా ఆయన ఆకలిని నిలబెట్టింది ఆ ఎర్ర దీపమే. ఇప్పుడది పోతోంది. మళ్లీ ఏదో ఒక అడ్డరోడ్డు దగ్గర ఆ ప్రశ్న ఆయన చేతుల మీదే పడుతుంది.

ఆయన కలిపిన ముద్ద పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తర్వాత నోట్లో పెట్టుకుని, నమిలి, మింగారు.

"సరే," అన్నారు. "నేనే ఆపుతాను. ఆపాల్సి వచ్చినప్పుడు. రెండోవాణ్ణి మాత్రం ముందు చూసుకుంటాను, మాట్లాడుతున్నాడు కదా అని వదలను." ఇంకో ముద్ద తిన్నారు. "ఇవాళ సెలవు పెట్టాను. రాఘవులు ఇంటికి వెళ్తున్నాను."

అత్తయ్యగారి చెయ్యి ఆగిపోయింది. "వెళ్లి ఏం చెప్తావురా? నీళ్లు పోసింది ఆయనే కదా. నా చేతులతో నేనే చంపుకున్నానని ఆ మనిషి ఇంక బతకగలడా?"

ఆ మాట పొద్దున్నుంచీ నా నోట్లోనూ ఉంది. పైకి అనలేకపోయాను.

"రిపోర్టులో రాస్తాను, పేపర్లో వస్తుంది," అంది ఇందు. "ఎప్పుడో ఒకప్పుడు ఆయనే చదువుతాడమ్మా. ఒంటరిగా కూర్చుని చదువుతాడు."

"అందుకే ముందు నేను వెళ్లాలి," అన్నారు ఆయన. "నీళ్లు పొయ్యడం తప్పు కాదని చెప్తాను. పడ్డ మనిషికి ఎవరైనా పోస్తారు, నేనూ పోస్తాను. పోస్తారన్న సంగతి మేం మర్చిపోయాం, అది మా తప్పు. చెయ్యి తీసింది నేను. ఆ మాట నా నోటితో చెప్తాను. తిడితే తిట్టించుకుంటాను."

"ఇద్దరం అన్నయ్యా," అంది ఇందు. "కారు పన్నెండింటికి కదా. ముందు వాళ్లింటికి."

 ఆయన పప్పు రుచి చూసి, ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కున్నారు. చెంచా తీసి వెలుతురులో పట్టుకుని చూసి, భుజం మీది తువ్వాలుతో రెండువైపులా తుడిచి, అప్పుడు పెట్టారు డబ్బాలో. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"మజ్జిగ పోసుకుని లేవండి," అన్నాను. "నేనూ వస్తున్నాను. సత్యవేణి కాగితానికి ప్రతి రాసింది నా చేత్తోనే."